ధర్మతల ట్రాం మలుపు చుట్టూ తిండి, తిరుగుడు: బరంపురం వైపు వాళ్ల కోసం

బరంపురం, ఇచ్ఛాపురం, పర్లాకిమిడి, గుణుపురం నుంచి కలకత్తా వెళ్లేవాళ్లకి తినడానికి ఎక్కడికెళ్లాలంటే అందరూ చెప్పేది పార్క్ స్ట్రీట్ పేరే. అక్కడికి వెళ్తారు, ఏసీలో కూర్చుంటారు, బిల్లు చూసి నోరెత్తకుండా లేచి వస్తారు. పార్క్ స్ట్రీట్ బాగోదని కాదు. కాళీఘాట్ దర్శనానికో, ఆసుపత్రి పనికో, గుడ్డల బేరానికో వెళ్లి, తిరుగు బండికి ముందు ఒక్క సాయంత్రమే మిగిలితే మాత్రం ధర్మతలే నయం. బోర్డుల మీద ఎస్ప్లనేడ్ అని ఉంటుంది, బస్సు కండక్టర్లు అరిచేది ధర్మతలా అని.

ఇక్కడి తిండి ఇలా ఎందుకుందో తెలియాలంటే ముందు ట్రాం సంగతి చూడాలి. కలకత్తా ట్రాంకి డ్రైవరు చోటు ఒక్క కొసనే ఉంటుంది. చాలావాటికి రెండు పెట్టెలు, డ్రైవరు ముందు పెట్టెలో. లైను చివరికి చేరాక అదే దారిన వెనక్కి నడపడానికి కుదరదు, పట్టా గుండ్రంగా తిరిగితేనే బండి తిరుగుతుంది. అలాంటి మలుపుల్లో ముఖ్యమైనది ధర్మతల. ఉత్తరాన శ్యాంబజార్, దక్షిణాన గడియాహాట్, ఇంకోవైపు ఖిదిర్‌పూర్ నుంచి వచ్చిన బళ్లన్నీ ఇక్కడ చేరి తిరిగేవి. ఒకటి దిగి ఇంకోటి ఎక్కాల్సిన గుమస్తాలకీ, కాలేజీ పిల్లలకీ, సినిమాకొచ్చినవాళ్లకీ మధ్యలో కాసేపు ఖాళీ, జేబులో కొంచెం చిల్లర. ఆ ఖాళీకి, ఆ చిల్లరకి సరిపోయిన తిండే ఇక్కడ పాతుకుపోయింది: నడుస్తూ తినే రోల్, బల్ల ముందు నిలబడి తాగే స్ట్యూ, చిన్న గదిలో నలుగురి పక్కన ఇరుక్కుని తినే మొగ్లాయి పరాటా. తీరిగ్గా కూర్చుని గంటసేపు తినే భోజనం ధర్మతల స్వభావం కాదు. అలాంటిది కావాలంటే అప్పుడు పార్క్ స్ట్రీట్‌కే వెళ్లండి.

అమెరికాలో సెయింట్ లూయిస్ దగ్గర డెల్మార్ లూప్ అనే వీధికి ఆ పేరు రావడానికీ కారణం ఇదే, ట్రాంలు మలుపు తిరిగిన చోటు కాబట్టి. ట్రాంలు పోయాయి, హోటళ్లూ పాటల క్లబ్బులూ మిగిలాయి. రాక్ అండ్ రోల్ పాటగాడు చక్ బెర్రీ ఏళ్లతరబడి నెలనెలా పాడిన బ్లూబెర్రీ హిల్ అనే హోటలు ఆ వీధిలోదే. 2018లో పాత తరహా ట్రాలీని మళ్లీ పట్టాల మీద పెడితే ఏడాది తిరిగేసరికి ఆగింది, 2022లో మళ్లీ కదిలింది. అక్కడ అది ముచ్చటకి నడిచే బండి. ధర్మతలలో టికెట్టు కొనుక్కుని పనికెళ్లేవాళ్లు ట్రాం ఎక్కడం ఇంకా పూర్తిగా పోలేదు.

మన వైపు పాతతరానికి ట్రాం అంటే మద్రాసు ట్రామే. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ఏర్పడేదాకా బరంపురం మద్రాసు ప్రెసిడెన్సీలోది కదా. మద్రాసులో కరెంటు ట్రాం 1895లో మొదలై 1953లో ఆగిపోయింది. కలకత్తాలో 1873 ఫిబ్రవరి 24న సియాల్దా నుంచి ఆర్మీనియన్ ఘాట్‌కి గుర్రపు ట్రాం వేసి, జనం లేక అదే ఏడు నవంబరులో ఆపేశారు. కరెంటు ట్రాం 1902 మార్చి 27న ఇదే ధర్మతల నుంచి ఖిదిర్‌పూర్‌కి కదిలింది. దేశంలో మొదటి మెట్రో కూడా 1984 అక్టోబరు 24న ఇక్కడి నుంచే భవానీపూర్‌కి మొదలైంది. ఆ మెట్రో పెరిగినకొద్దీ ట్రాం పట్టాలు ఒక్కొక్కటే పోయాయి. తొలి కరెంటు లైనైన ఖిదిర్‌పూర్‌ది మైదానం చెట్ల మధ్య నుంచి వెళ్లే అందమైన దారి. 2020 అంఫన్ తుపానుతో దానికీ బ్రేకు పడింది.

ఇప్పుడు నమ్ముకోదగ్గవి రెండే: శ్యాంబజార్ వెళ్లే 5 నంబరు, గడియాహాట్ వెళ్లే 25 నంబరు. 2024 సెప్టెంబరులో రాష్ట్ర ప్రభుత్వం ధర్మతల-మైదానం ముక్క తప్ప మిగతాదంతా ఆపేస్తామని ప్రకటించింది, వ్యవహారం హైకోర్టులో ఉంది. అందుకని మ్యాపులో గీత కనబడిందని బండి ఉంటుందనుకోకండి. డిపోలోకి వెళ్లి యూనిఫాంలో ఉన్నవాళ్లని అడగడమే దారి. 5 నంబరు ఉంటే అదే ఎక్కండి, కారణం కాలేజ్ స్ట్రీట్ దగ్గర తెలుస్తుంది.

హౌరా నుంచి ఎలా రావాలి

చెన్నై మెయిలు, ఫలక్‌నుమా లాంటి మన వైపు బళ్లు హౌరా కొత్త కాంప్లెక్సులో, 17 నుంచి 23 దాకా ఉన్న ప్లాట్‌ఫారాల్లో ఆగుతాయి. కోరమండల్ ఇప్పుడు హౌరాకి రాదు, షాలిమార్‌లో దింపుతుంది. అక్కడ మెట్రో లేదు, ధర్మతలకి బస్సో టాక్సీయో పట్టుకోవాలి. తిరుగు టికెట్టు ఏ స్టేషన్‌దో కూడా చూసుకోండి, వచ్చింది హౌరాకి కదా అని అక్కడికే పరుగెత్తి బండి తప్పించుకునేవాళ్లు ఉన్నారు.

సామాను క్లోక్‌రూములో పెట్టేయండి. తాళం లేని బ్యాగు తీసుకోరు, టికెట్టు చూపించాలి. తర్వాత స్టేషన్ కిందనే ఉన్న మెట్రోలోకి దిగి పది రూపాయల టోకెను తీసుకుంటే రెండో స్టాపు ధర్మతల. మధ్యలో హుగ్లీ నది అడుగు నుంచి వెళ్తారు. గోడల మీద నీలం లైట్లు వెలిగి ఆరేలోపు, ముప్పావు నిమిషంలో, నది దాటేస్తుంది. 2024 మార్చిలో ఈ ముక్క మొదలైన దగ్గర్నుంచి హౌరా వంతెన మీద ట్రాఫిక్కులో ఇరుక్కోవాల్సిన పని తప్పింది. వంతెన చూడాలనుకుంటే తిరుగు ప్రయాణంలో కాదు, వచ్చేటప్పుడే చూడండి.

ముందు స్ట్యూ

మధ్యాహ్నానికి చేరితే మొదటి మజిలీ డెకర్స్ లేన్. ఆఫీసుల గుమస్తాల పుణ్యమా అని బతుకుతున్న సన్న సందు. ఇక్కడి చిత్తబాబు దుకాణం చికెన్ స్ట్యూకి పేరు. మన నాలుకకి మొదటి గరిటె నిరాశే: కారం లేదు, మసాలా లేదు, జ్వరమొచ్చినప్పుడు పెట్టే పథ్యంలా ఉంటుంది. పలుచని రసంలో ఒక కోడి ముక్క, బొప్పాయి, క్యారెట్ ముక్కలు, పైన మిరియాల పొడి, పక్కన వెన్న రాసి కాల్చిన రొట్టె. రొట్టెని ముంచి తింటే అసలు రుచి తెలుస్తుంది. రాత్రి రైల్లో సరిగా నిద్రలేని కడుపుకి ఇంతకంటే మంచి తిండి ధర్మతలలో లేదు. పచ్చిమిరప అడిగితే ఇస్తారు. ఆఫీసులకి సెలవైన రోజు ఈ సందు నిద్రపోతుంది, ఆదివారం ఇటు రావడం దండగ. మధ్యాహ్నం రెండు దాటాక వస్తే ముక్కలు అయిపోయి రసమే మిగలొచ్చు.

మొగ్లాయి పరాటా

అనాది క్యాబిన్ 1925 నాటిది. గది చిన్నది, బల్లలు పాతవి, ఖాళీ కుర్చీ కనబడితే పక్కనెవరున్నారని చూడకుండా కూర్చోవడమే పద్ధతి. ఇక్కడ తినాల్సింది ఒక్కటే. నూనె రాసిన బల్ల మీద మైదా ముద్దని చేత్తో లాగి లాగి, కింద బల్ల రంగు కనబడేంత పలచగా చేస్తారు. గుడ్డు, ఉల్లి, పచ్చిమిరప గిలక్కొట్టి మధ్యలో పోస్తారు, మాంసం కావాలంటే కైమా కూడా. నాలుగు అంచులూ కవరులా మడిచి నూనెలోకి జార్చేస్తారు. బయటికొచ్చాక చదరపు ముక్కలుగా కోసి, ఆలుగడ్డ కూరతో ఇస్తారు. బాతు గుడ్డుతో చేసింది ఉందేమో అడగండి, ఉంటే అదే తీసుకోండి, లోపలి భాగం ఇంకా గట్టిగా, కమ్మగా ఉంటుంది.

ఈ వంటకం చెడిపోయేది రెండు చోట్ల. మడతలు ఒకదాని మీద ఒకటి పడే మూలల్లో పిండి దళసరిగా మిగిలితే పైన ఎర్రగా వేగినా లోపల పచ్చిగా ఉంటుంది. రెండోది, సాయంత్రం రద్దీలో ముందే సగం వేయించి పెట్టి, అడిగినప్పుడు రెండోసారి నూనెలో వేయడం. అలాంటిది తుడుచుకున్న కాగితం తడిసిపోయేంత నూనె పీలుస్తుంది. ఈ రెండో రోగం వీధి బళ్ల దగ్గర మరీ ఎక్కువ. నాలుగు, నాలుగున్నర మధ్య వెళ్తే అప్పటికప్పుడు వేసింది దొరుకుతుంది. ఒకటి ఇద్దరికి సరిపోతుంది, ఒక్కరే లాగిస్తే ఆ తర్వాత ఇంకేమీ తినలేరు.

రోల్, బిర్యానీ

న్యూ మార్కెట్ వెనక నిజామ్స్ 1932లో మొదలైంది. కాటీ రోల్ పుట్టినిల్లు ఇదేనని ఊరంతా ఒప్పుకుంటుంది. పెనం మీద గుడ్డు కొట్టి, దాని మీద పరాటా అదిమి, తిరగేసి, పుల్లకి గుచ్చి కాల్చిన కబాబు ముక్కలు పరిచి, ఉల్లి, పచ్చిమిరప, నిమ్మరసం వేసి కాగితంలో చుడతారు. అంతే ఉండాలి. ఇప్పుడు చాలా చోట్ల టమాటా సాసు, చిల్లీ సాసు ధార కట్టించేస్తున్నారు. అది పడితే ఏ కొట్టు రోలైనా ఒకే రుచి. సాసు వద్దని పెనం దగ్గరే చెప్పండి, కౌంటరులో చెబితే లోపలికి చేరదు. చేతికొచ్చిన ఐదు నిమిషాల్లో తినేయాలి. హోటల్ గదికి పట్టుకెళ్తే పరాటా తోలులా సాగుతుంది.

పక్కనే ఉన్న అమీనియా 1929 నాటిది. ఇక్కడి బిర్యానీ మీద మనవాళ్లకి ఉన్నంత ఫిర్యాదు మరి దేని మీదా ఉండదు. మిర్చీ కా సాలన్ లేదు, కారం లేదు, మాంసం ఒక్క ముక్కే, దానికి తోడు పిడికెడంత ఆలుగడ్డ. ఇది హైదరాబాదీది కాదు. 1856లో గద్దె పోగొట్టుకుని కలకత్తా మటియాబురుజులో స్థిరపడ్డ అవధ్ నవాబు వాజిద్ అలీ షా వంటవాళ్ల వైపు నుంచి వచ్చిందని చెబుతారు. మసాలా తక్కువ, మొగలిపువ్వు నీళ్లు, అత్తరు వాసన ఎక్కువ. ఆలుగడ్డ ఎలా ఉందన్నదే పరీక్ష: ముక్క లోపలి దాకా పసుపు రంగు దిగి, వేలితో నొక్కితే విరగాలి. తెల్లగా, గట్టిగా ఉంటే ఆ దేగిశా సరిగా దమ్ అవ్వలేదన్నమాట. తోడుగా చాప్ అనే మాంసం కూర గ్రేవీ తెప్పించుకుంటే మన నాలుకకి ఊరట. న్యూ మార్కెట్ వెనక సందుల్లోని కొన్ని హోటళ్లలో గొడ్డుమాంసం కూడా వండుతారు. వద్దనుకునేవాళ్లు కూర్చోకముందే అడిగేయండి, అడిగితే ఎవరూ ఏమీ అనుకోరు.

న్యూ మార్కెట్, సినిమా హాళ్లు

1874 జనవరి 1న తెరిచిన బజారు. లోపలికి అడుగు పెట్టగానే బుట్టలు పట్టుకున్నవాళ్లు ఒకరిద్దరు వెంటపడి దారి చూపిస్తామంటారు. వాళ్లు తీసుకెళ్లిన కొట్టులో వాళ్ల కమీషను మీ ధరలోనే కలుస్తుంది. పట్టు చీరల కోసమైతే ఇక్కడ వెతకనక్కర్లేదు, బరంపురం పట్టు ఇంట్లో పెట్టుకుని ఇక్కడ బేరమాడటం ఏమిటి. లోపల వెతకాల్సింది నహూమ్స్ బేకరీ. బాగ్దాదీ యూదు కుటుంబం 1902లో మొదలెట్టిన వ్యాపారం. గాజు అలమరలు, చెక్క గల్లా, పెద్దగా మారని సరుకు. పండ్ల కేకు కొన్ని రోజులు నిలవుంటుంది కాబట్టి ఇంటికి అదే నయం. డిసెంబరు చివరి వారంలో మాత్రం లైను బజారు బయటి దాకా వస్తుంది, ఆ వారం దాని జోలికి పోకండి.

సినిమా సంగతి క్లుప్తంగా: మెట్రో హాలు 1935 నాటిది. ముందరి గోడ, పేరు రాసిన నిలువు బురుజు ఇంకా చూడదగ్గవే, లోపల ఇప్పుడు మామూలు మల్టీప్లెక్సు. చుట్టుపక్కల పాత హాళ్లలో చాలావరకు మూతపడ్డాయి, లేదంటే దుకాణాలయ్యాయి. ట్రాం డిపోలోనే స్మరణిక అని 1938 నాటి బండిని మ్యూజియం చేశారు, ఒక పెట్టెలో టీ బల్లలు, ఇంకోదాంట్లో పాత టికెట్లు, టోపీలు, బ్యాడ్జీలు. అరగంట చాలు, పిల్లలుంటే మాత్రం తప్పకుండా చూపించండి.

5 నంబరు బండిలో కాలేజ్ స్ట్రీట్‌కి

ట్రాం రోడ్డు నడిమధ్యలో ఆగుతుంది, ఫుట్‌పాత్ దగ్గరికి రాదు. దిగేటప్పుడు ముందు ఎడమ వైపు వెనక్కి చూడాలి, బండికీ ఫుట్‌పాత్‌కీ మధ్య సందులోంచి ఆటోలు దూసుకొస్తాయి. పెద్దవాళ్లని పట్టుకుని దింపండి, మెట్టు ఎత్తుగా ఉంటుంది. ముందు పెట్టెలో ఫ్యాన్లుంటాయి. కూడలి దగ్గర పైకర్ర తీగ నుంచి జారితే లోపల లైట్లు, ఫ్యాన్లు ఒక్కసారిగా ఆరిపోతాయి. కండక్టరు కిందికి దిగి, తాడు లాగి, తల పైకెత్తి కర్ర చివరని తీగ కిందికి గురిచూసి వదులుతాడు. చిన్న మెరుపు, మళ్లీ ఫ్యాను. కంగారు పడక్కర్లేదు. కంగారు పడాల్సింది పట్టా మీద ఎవడైనా కారు పెట్టి వెళ్లిపోతే. ట్రాం పక్కకి తప్పుకోలేదు, దాని వెనక వచ్చినవన్నీ వరసగా నిలబడిపోతాయి. భారీ వర్షం పడితే ఠంఠనియా దగ్గర నీళ్లు నిలుస్తాయి, బండి కింద ఉండే మోటార్లకి నీళ్లు తగులుతాయని ట్రాంలు ఆపేస్తారు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా మధ్యాహ్నం మబ్బు పట్టిందంటే మెట్రోలో మహాత్మాగాంధీ రోడ్ స్టేషన్‌లో దిగి నడిచి వెళ్లడమే మేలు. తిరుగు రైలుకి వెళ్లేటప్పుడైతే ట్రాం ఎక్కనే వద్దు.

కాలేజ్ స్ట్రీట్‌లో కాఫీ హౌస్ గురించి అందరూ చెబుతారు. 1876 నాటి ఆల్బర్ట్ హాలు, పైకప్పు ఎత్తు, తలపాగా పెట్టిన సర్వర్లు, పక్కవాళ్ల మాట వినిపించనంత గోల. కాఫీ మాత్రం మన ఫిల్టరు కాఫీ తాగినవాళ్లకి ఆనదు, ఉన్నమాట చెప్పాలి. చూడ్డానికి వెళ్లండి, తాగడానికి కాదు. తాగాల్సింది దగ్గర్లోని కాలేజ్ స్క్వేర్ ఎదురుగా, 1918 నాటి పారమౌంట్‌లో. లేత కొబ్బరి నీళ్లు, ఐసు, అడుగున కొబ్బరి మీగడ ముక్కలున్న డాబ్ షర్బత్. రసాయన శాస్త్రవేత్త ప్రఫుల్ల చంద్ర రాయ్ చెప్పిన పద్ధతని ప్రసిద్ధి. మే నెలలో ఈ ఒక్క గ్లాసు కోసమైనా ఇంత దూరం రావచ్చు. కాలేజ్ స్ట్రీట్, మహాత్మాగాంధీ రోడ్ కూడలి దగ్గర దిల్‌ఖుషా క్యాబిన్‌లో కబిరాజీ కట్లెట్ చేస్తారు. గిలక్కొట్టిన గుడ్డుని వేళ్ల సందుల్లోంచి నూనెలో చిలకరించి, ఆ వలతో కట్లెట్‌ని చుట్టేస్తారు. వల కరకరలాడుతుండగానే తినాలి. పక్కన పెట్టే కసుంది ఆవ పచ్చడి ముక్కుకి ఎక్కుతుంది, ఆవకాయ తినే ధైర్యంతో పెద్ద ముక్క నంజుకోకండి.

శాకాహారులకి ధర్మతల కంటే కాలేజ్ స్ట్రీట్ నయం. పుటీరామ్‌లో రాధాబల్లభి, అంటే మినప్పప్పు ముద్ద కూరిన పూరీ, శనగపప్పుతో ఇస్తారు. ఉదయం వెళ్తే వేడిగా దొరుకుతుంది. ధర్మతల రోల్ కొట్లలో పనీర్ రోల్ ఉంటుంది గానీ, గుడ్డు కొట్టిన అదే పెనం మీద వేస్తారు. పట్టింపు ఉన్నవాళ్లు తెలుసుకుని తీసుకోవాలి.

ఓపిక ఉంటే 5 నంబరులోనే చివరిదాకా, హాతీబాగాన్ స్టార్ థియేటర్ మీదుగా శ్యాంబజార్ ఐదు రోడ్ల కూడలికి వెళ్లొచ్చు. అక్కడి గోల్‌బాడీలో కషా మాంసం నల్లగా, నూనె తేలుతూ, మన మటన్ వేపుడుకి దగ్గరగా ఉంటుంది. అప్పటిదాకా కారం లేదని గొణిగినవాళ్లు కూడా ఇక్కడ నోరు మూసుకుని తింటారు.

రసగుల్లా, ఇంటికి తేవాల్సినవి

ధర్మతల మూల మీద కె.సి. దాస్ కొట్టు 1935 నుంచి ఉంది. ఒడిశా వాళ్లమై ఉండి కలకత్తా రసగుల్లాని పొగిడితే ఇంట్లో గొడవే. 2017లో బెంగాల్ రసగుల్లాకి, 2019లో ఒడిశా రసగోలాకి వేరువేరుగా భౌగోళిక గుర్తింపు ఇచ్చి ప్రభుత్వమే ఆ గొడవ తీర్చేసింది. రెండూ వేరు మిఠాయిలే. భువనేశ్వర్, కటక్ మధ్య పహాళ వైపు దొరికేది లేత గోధుమ రంగు, మెత్తన, నోట్లో కరుగుతుంది. ఇక్కడిది తెల్లగా, కొరికితే పంటికింద కిచకిచలాడుతుంది. మన ఓటు పహాళకే, అయినా ఇక్కడ రెండు తినకుండా వెళ్లడం తప్పు.

ఇంటికి తేవాలంటే కుండలో ఇచ్చే రసగుల్లా వద్దు. వేసవిలో రాత్రి బండిలో పాకం పులుస్తుంది, కుదుపులకి కారి బ్యాగంతా జిగురు. సీలు వేసిన టిన్ను కొనండి. సందేశ్ అయితే కడా పాక్ అని అడగండి, గట్టిగా ఉండే రకం, ప్రయాణానికి తట్టుకుంటుంది. నరమ్ పాక్ మెత్తనిది, ఆ రోజే తినాలి. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఖర్జూర బెల్లం సందేశ్ వస్తుంది. ఆ మూడు నెలల్లో వెళ్తే మిగతావన్నీ పక్కన పెట్టి అదే కొనండి.

రోజు ఎంచుకునే వీలుంటే మంగళవారం నుంచి శుక్రవారం లోపు పెట్టుకోండి. ఆదివారం న్యూ మార్కెట్ చాలావరకు మూత. దసరా నవరాత్రుల్లో దీపాల అలంకరణ చూడ్డానికే వెళ్లాలి, తినడానికి బల్ల దొరకదు. కొన్ని పాత క్యాబిన్లలో ఇంకా చిల్లర నోట్లే నడుస్తాయి, వందలూ యాభైలూ దగ్గర పెట్టుకోండి.